తిరుపతి నుండి చెన్నైకి సాయంత్రపు ఫుట్‌బాల్ మ్యాచ్: వెళ్లి, చూసి, తిరిగి రావడం ఎలా?

"అన్నా, రాత్రి మ్యాచ్ చూసుకొని తెల్లారేలోగా తిరుపతి వచ్చేయొచ్చా?" ఇండియన్ సూపర్ లీగ్ సీజన్ మొదలైన ప్రతిసారీ తిరుపతి, పుత్తూరు, చిత్తూరు కుర్రవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. వచ్చేయవచ్చు. మన ప్రాంతానికి దగ్గరలో ఉన్న పెద్ద ఫుట్‌బాల్ జట్టు చెన్నైయిన్ ఎఫ్‌సి. ఆ జట్టు 2014లో మొదలై, 2015లోనూ 2017–18లోనూ లీగ్ గెలిచింది. దాని సొంత మైదానమైన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం తిరుపతికి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, చెన్నై సెంట్రల్ రైల్వే స్టేషను పక్కనే ఉంది. మ్యాచ్ చూడడం కష్టమేమీ కాదు. తిరుగు ప్రయాణం ఆలోచించకుండా మ్యాచ్ టికెట్ కొనేయడం వల్లనే మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు. అందువల్ల ఇక్కడ పనులను ఆ వరుసలోనే చెబుతున్నాను: ముందు ఇల్లు చేరే దారి, తర్వాత మ్యాచ్ టికెట్.

వెంట ఉండవలసినవి

మ్యాచ్ టికెట్ ఉన్న ఫోను, దాని చార్జరు, టికెట్ వివరాలు చేత్తో రాసుకున్న ఒక కాగితం, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, చిల్లర నోట్లుగా కొంత డబ్బు, చెన్నైయిన్ జట్టు రంగైన నీలం చొక్కా, ఒక పలుచని రెయిన్‌కోటు ఉంటే చాలు. చెన్నైలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వాన కురుస్తుంది, ఆ నెలల్లో మ్యాచ్‌కు వెళ్తే రెయిన్‌కోటును మాత్రం మరువవద్దు. గొడుగును సాధారణంగా గేటు దగ్గరే ఆపేస్తారు. వీపు సంచి లేకుండా, జేబుల్లో పట్టేవాటితోనే వెళ్లగలిగితే మీకు సగం పని తగ్గుతుంది.

1. మ్యాచ్‌ను ఎంచుకోండి

లీగ్ షెడ్యూలులో మొదట తేదీని కాక, ఆట మొదలయ్యే సమయాన్ని చూడండి. ఎక్కువ మ్యాచులు రాత్రి 7:30కు, కొన్ని సాయంత్రం 5 గంటలకు మొదలవుతాయి. రెండు భాగాలకు 90 నిమిషాలు, మధ్య విరామానికి 15 నిమిషాలు, దానికి రిఫరీ కలిపే అదనపు నిమిషాలు చేర్చుకుంటే ఆట రెండు గంటలకు కొద్దిగా తక్కువ పడుతుంది. అంటే 5 గంటల మ్యాచ్ 7కి, 7:30 మ్యాచ్ దాదాపు 9:30కి ముగుస్తాయి. మొదటిసారి వెళ్లేవారు, పిల్లలను తీసుకువెళ్లేవారు 5 గంటల మ్యాచ్ దొరికితే దానినే ఎంచుకోవాలని నా గట్టి సలహా. అయితే ఫ్లడ్‌లైట్ల కింద పచ్చిక మెరిసే అందం మాత్రం 7:30 మ్యాచ్‌లోనే ఉంటుంది.

ఇక రోజు విషయం. శనివారం మ్యాచ్ అనగానే అందరూ సంబరపడతారు కానీ, శనివారం రాత్రి చెన్నై నుండి తిరుపతికి వచ్చే బస్సులు ఆదివారం దర్శనానికి బయలుదేరిన భక్తులతో నిండిపోతాయి. తమిళుల పురటాసి నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుండి అక్టోబరు మధ్య వరకు, శనివారాలు పెరుమాళ్లకు ప్రత్యేకం కాబట్టి ఆ రద్దీ ఇంకా పెరుగుతుంది. వైకుంఠ ఏకాదశి ముందు రోజులూ అంతే. ఆ రోజుల్లో ముందుగా సీటు రిజర్వు చేసుకోకుండా వెళ్లవద్దు. వారం మధ్యలో వచ్చే మ్యాచ్ రోజున ఇదే బస్సులో కాళ్లు చాపుకొని రావచ్చు.

సరిచూసుకోవలసినది: మ్యాచ్ జరిగే ఊరు, మైదానం పేరు రెండూ చదవండి. కరోనా కారణంగా 2020–21, 2021–22 సీజన్లను పూర్తిగా గోవాలోనే ఆడించారు, అప్పుడు "హోమ్" (సొంత మైదానం) అన్న మాట కాగితం మీదనే మిగిలింది. మ్యాచ్‌కు రెండు రోజుల ముందు మళ్లీ ఒకసారి షెడ్యూలు చూసుకోండి, సమయాలు మారుతుంటాయి.

2. తిరుగు ప్రయాణాన్ని ఖాయం చేసుకోండి

మ్యాచ్ టికెట్ కొనక ముందే చేయవలసిన పని ఇది. మనకు మూడు దారులున్నాయి.

మొదటిది, రాత్రి బస్సు. తిరుపతి బస్సుల కోసం చెన్నైలో మాధవరం బస్ టెర్మినస్‌కు వెళ్లాలి. ఆంధ్ర వైపు బస్సుల కోసం 2018లో దానిని ప్రారంభించారు. స్టేడియం నుండి సుమారు 10 కిలోమీటర్లు. 9:30కి ఆట ముగిస్తే, జనంలో నుండి బయటపడి ఆటోలోనో క్యాబ్‌లోనో మాధవరం చేరేసరికి 10:30 అవుతుంది కాబట్టి, 11 గంటలకు ముందు బయలుదేరే బస్సుకు రిజర్వేషన్ చేయవద్దు. అక్కడి నుండి ఊతుకోట, నాగలాపురం, పుత్తూరు మీదుగా మూడున్నర నాలుగు గంటల ప్రయాణం. తెల్లవారుజామున మూడింటికి దిగినా తిరుపతి బస్టాండు మేలుకొనే ఉంటుంది, టీ దొరుకుతుంది, ఆటో దొరుకుతుంది. ఈ సౌకర్యం చాలా ఊళ్లకు లేదు.

రెండవది, రాత్రి చెన్నైలోనే ఉండి, మరునాటి ఉదయం సెంట్రల్ నుండి పెందలాడే బయలుదేరే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉన్నవారికి ఇదే మేలు. సెంట్రల్, పెరియమేడు చుట్టుపక్కల లాడ్జీలు ఉన్నాయి, అయితే గదిని ముందుగానే మాట్లాడుకోవాలి. మ్యాచ్ ముగిశాక అర్ధరాత్రి వెతుక్కుంటే దొరికిన గదికి అడిగినంత ఇవ్వవలసి వస్తుంది.

మూడవది చిత్తూరు వారి కోసం. మీరు తిరుపతి మీదుగా రావలసిన అవసరమే లేదు. రాత్రి పది, పదకొండు గంటల ప్రాంతంలో సెంట్రల్ నుండి బెంగళూరు, కోయంబత్తూరు వైపు వెళ్లే బెంగళూరు మెయిల్, చేరన్ ఎక్స్‌ప్రెస్ వంటి బండ్లు కాట్పాడిలో ఆగుతాయి. స్టేడియం నుండి సెంట్రల్‌కు నడిచి వెళ్లవచ్చు కాబట్టి, నిజానికి తిరుపతి వారికంటే మీకే సులువు. కాట్పాడి నుండి చిత్తూరు సుమారు 35 కిలోమీటర్లు. ఆ వేళ బస్సులు పలుచబడతాయి కనుక ఉదయమే కాట్పాడి స్టేషను స్టాండులో బండి పెట్టి వెళ్లడమో, ఇంట్లోవారిని రమ్మనడమో ముందే అనుకోవాలి.

హెచ్చరికలు మూడు చెప్పాలి. ఉదయం తిరుపతి నుండి చెన్నై వెళ్లే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ తిరుగు బండి రాత్రి మ్యాచ్ మొదలు కాకముందే చెన్నై వదిలిపోతుంది, దానిని నమ్ముకోవద్దు. మాధవరానికి బదులు కోయంబేడు బస్టాండుకో కిలాంబాక్కం బస్టాండుకో వెళ్లవద్దు. 2023 చివరలో ప్రారంభమైన కిలాంబాక్కం దక్షిణ జిల్లాల బస్సులది, ఊరికి మరో కొసన ఉంటుంది. రిజర్వేషన్ టికెట్‌లో "ఎక్కవలసిన చోటు" అని ఉన్న గడిని తప్పక చదవండి. ఇక 140 కిలోమీటర్లు రాత్రిపూట మోటారు సైకిల్ మీద తిరిగి రావాలన్న ఆలోచనను దయచేసి మానుకోండి. ఆట చూసిన ఉత్సాహం ఊతుకోట దాటేసరికి నిద్రగా మారుతుంది, లారీలు మాత్రం ఆగవు.

3. టికెట్ కొని, స్టాండ్ ఎంచుకోండి

క్లబ్బు తన అధికారిక పేజీలో ప్రకటించిన యాప్‌లోనే కొనండి. ఎవరో పంపిన టికెట్ ఫొటోకు డబ్బు ఇవ్వవద్దు, ఎందుకంటే ఒక కోడ్‌ను గేటు దగ్గర ఒక్కసారే స్కాన్ చేస్తారు, రెండవవాడు బయట నిలబడవలసిందే.

ఎక్కడ కూర్చోవాలన్నది మీకేమి కావాలో దానిని బట్టి ఉంటుంది. ఈ మైదానం చుట్టూ అథ్లెటిక్స్ పరుగు ట్రాక్ ఉంది. దానివల్ల మొదటి వరుసల్లో కూర్చున్నవారికి ఆట దూరంగా, చదునుగా కనబడుతుంది, ఎదుటి పక్కన బంతి గీత దాటిందో లేదో కూడా తెలియదు. క్రికెట్ అలవాటుతో "ముందు వరుస మంచిది" అనుకోవడం మనవాళ్లు చేసే పొరపాటు. ఫుట్‌బాల్‌లో పైవరుసలే మంచివి. ఆట తీరు చూడాలనుకుంటే మధ్య గీతకు ఎదురుగా ఉన్న స్టాండ్‌లో పైకి వెళ్లండి. గొంతు చించుకొని అరవాలనుకుంటే అభిమానుల గుంపులు ఉన్న వైపు కొనండి. సూపర్ మచాన్స్, బి స్టాండ్ బ్లూస్ అన్న రెండు గుంపులు డప్పులతో, పెద్ద పెద్ద జెండాలతో ఆటంతా నిలబడే ఉంటాయి, కొత్తవారిని ఆదరంగా కలుపుకుంటాయి. చిన్న పిల్లలతో వెళ్లేవారు మాత్రం డప్పుల పక్కన కొనవద్దు.

సరిచూసుకోవలసినది: మీకు వచ్చిన సందేశం గేటు దగ్గర చూపే టికెట్టేనా, లేక కౌంటరులో ఇచ్చి అసలు టికెట్ తీసుకోవలసిన రసీదు మాత్రమేనా అన్నది చివరి వరకు చదవండి. చదివాక దానిని స్క్రీన్‌షాట్ తీసి, వెంట వచ్చే మరొకరి ఫోనుకు కూడా పంపి ఉంచండి.

4. పగలే బయలుదేరండి

తిరుపతి నుండి ఉదయం బయలుదేరే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా మధ్యాహ్నానికి చాలా ముందే మిమ్మల్ని సెంట్రల్‌లో దింపుతుంది. అంత ముందుగా అక్కర లేదనుకుంటే, 7:30 మ్యాచ్‌కైతే మధ్యాహ్నం 12 గంటల లోపు బస్సు ఎక్కండి. సాయంత్రం తిరుపతిలో బయలుదేరే సప్తగిరి ఎక్కితే ఆట ముగిసే వేళకు గానీ చెన్నై చేరరు. పేరు ఒకటే కదా అని ఆ బండికి టికెట్ తీసుకున్నవారు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

బస్సులో వెళ్తే రెడ్ హిల్స్ దగ్గర, మాధవరం దగ్గర ట్రాఫిక్‌కు ఒక గంట అదనంగా లెక్క వేసుకోండి. మ్యాచ్‌కు రెండు గంటల ముందు స్టేడియం పరిసరాల్లో ఉండేటట్టు చూసుకుంటే, దారిలో ఏమి జరిగినా తట్టుకోగలరు.

5. సరైన స్టేడియానికి వెళ్లండి

ఆటో ఎక్కి ఉత్తినే "స్టేడియం" అంటే చేపాక్ క్రికెట్ మైదానానికి తీసుకువెళ్లే ప్రమాదం ఉంది. "పెరియమేడు నెహ్రూ స్టేడియం" అని పూర్తిగా చెప్పండి. ఆ ఆవరణలోనే నెహ్రూ ఇండోర్ స్టేడియం కూడా ఉంది, మనకు కావలసింది అది కాదు. మెట్రోలో వచ్చేవారు నెహ్రూ పార్క్ అన్న స్టేషను పేరు చూసి దిగిపోకుండా సెంట్రల్‌లోనే దిగాలి.

సెంట్రల్ నుండి నడక చాలా తేలిక. స్టేషను ముందుకు వచ్చి పూనమల్లి హై రోడ్డు మీద పడమటి వైపు నడిస్తే, ఎర్రటి విక్టోరియా పబ్లిక్ హాలు, దాని పక్కన చెన్నై కార్పొరేషన్ వారి తెల్లని రిప్పన్ భవనం వస్తాయి. రిప్పన్ భవనం దాటాక కుడి వైపుకు తిరిగే రాజా ముత్తయ్య రోడ్డులోకి వెళితే ఫ్లడ్‌లైట్ల స్తంభాలు కనబడతాయి. సందేహం వస్తే నీలం చొక్కాల వెంట నడవండి.

భోజనం సెంట్రల్ ఎదుటి హోటళ్లలోనే ముగించండి. లోపల దొరికేది తక్కువ, ధర ఎక్కువ, విరామంలో వరుస పొడవు.

6. గేటు దగ్గర

ఆట మొదలయ్యే సమయానికి గంట ముందు వరుసలో ఉండాలి. నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు, హెల్మెట్లు, అగ్గిపెట్టెలు, లైటర్లు సాధారణంగా లోపలికి పోనివ్వరు. తీసి పక్కన పెట్టమంటే తిరిగి దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. పవర్ బ్యాంకు పోతుంది కాబట్టి, ఫోనును సెంట్రల్ స్టేషనులోనే నిండుగా చార్జి చేసుకోవాలి. మొదటి సారి నా ఫోను వరుసలో ఉండగానే ఆరిపోయింది. నా స్నేహితుడి ఫోనులో ఉన్న స్క్రీన్‌షాటే నన్ను లోపలికి పంపింది.

టికెట్ మీద ఉన్న గేటు సంఖ్యకే వెళ్లండి. తప్పు గేటు దగ్గర అరగంట నిలబడి, మళ్లీ స్టేడియం చుట్టూ పరుగెత్తేవారిని ప్రతి మ్యాచ్‌లోనూ చూస్తాను. వరుసలో నిలబడిన వెంటనే ముందున్నవారి టికెట్ మీద సంఖ్య మీ సంఖ్యతో కలుస్తోందో లేదో అడిగి చూసుకుంటే చాలు.

బట్టల రంగు చిన్న విషయం కాదు. కేరళ బ్లాస్టర్స్ జట్టు ఆడడానికి వచ్చిన రోజు చెన్నైలో ఉన్న మలయాళీలు పసుపు రంగులో పెద్ద సంఖ్యలో వస్తారు. అరుపులే గానీ గొడవలు ఉండవు, అయినా మీరు పసుపు చొక్కాతో నీలం గుంపు మధ్య కూర్చోవడం బాగుండదు.

7. ఆటను చూడండి

ఆట మొదలు కావడానికి అరగంట ముందే సీటులో ఉండండి. మెట్ల చీకటిలో నుండి పైకి వచ్చి, ఒక్కసారిగా ఆ పచ్చికంతా లైట్ల వెలుగులో కనబడే క్షణం టీవీలో ఎన్నేళ్లు చూసినా దొరకదు. అప్పటికి గోల్‌కీపర్లు ముందుగా వచ్చి సాధన చేస్తుంటారు. శిక్షకుడు కొట్టిన బంతి చేతి తొడుగులకు తగిలిన "టప్" శబ్దం పైవరుసకు అర క్షణం ఆలస్యంగా వినబడుతుంది. తడిపిన గడ్డి వాసన వస్తుంది. మైదానమంటే ఇది అని అప్పుడు అర్థమవుతుంది.

విజిల్ మోగాక మొదటి పది నిమిషాలు చాలామంది తికమక పడతారు. వ్యాఖ్యానం ఉండదు, జరిగినదానిని మళ్లీ చూపుతారన్న భరోసా లేదు, బంతి ఎవరి దగ్గర ఉందో కూడా ఒక్కొక్కసారి తెలియదు. ఆ పది నిమిషాలు బంతిని వదిలేసి ఒక్క ఆటగాడినే చూడండి. డిఫెండరును ఎంచుకుంటే మంచిది. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నప్పుడు కూడా అతడు నాలుగు అడుగులు ముందుకు, రెండు అడుగులు పక్కకు జరుగుతూ, పక్కవాడికి చేత్తో సైగ చేస్తూ, తన వెనుక ఖాళీ రాకుండా చూసుకుంటుంటాడు. కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి టీవీలో ఇది కనబడదు. ఇంత దూరం ప్రయాణం చేసి రావడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే.

గోల్ పడగానే ఎగిరే ముందు లైన్ దగ్గర జెండా పట్టుకున్న సహాయ రిఫరీని చూడండి. జెండా లేచి ఉంటే ఆఫ్‌సైడ్, ఆ గోల్ లెక్కకు రాదు. కళ్లు మొత్తం సమయం ఫోనులో పెట్టి వీడియో తీసేవారికి ఆట దక్కదు, వీడియో కూడా చీకటిగా వస్తుంది. ఒక్క కార్నర్ కిక్‌ను వీడియో తీసుకొని ఫోను జేబులో పెట్టేయండి.

పాటలు, నినాదాలు తమిళంలో ఉంటాయి. మన చిత్తూరు సీమలో తమిళం వినని చెవి ఉండదు కాబట్టి రెండు మూడు సార్లు విన్నాక మీకూ వచ్చేస్తాయి. తెలుగులో మాట్లాడినా పక్కవాళ్లు పరాయిగా చూడరు, వారిలోనే తెలుగువాళ్లు బయటపడతారు.

మూత్రశాలకు వెళ్లాలంటే విరామం కోసం ఆగకుండా 40వ నిమిషంలోనే వెళ్లి రండి. అయిదు నిమిషాల ఆట పోతుందన్నది నిజమే, కానీ విరామంలో వెళితే రెండవ భాగంలో పది నిమిషాలు పోయే అవకాశం ఉంది.

8. చివరి విజిల్ దాకా ఉండండి

ఈ మాట నా అనుభవం వల్ల చెబుతున్నాను. ఒకసారి 10 గంటల బస్సుకు రిజర్వేషన్ చేసుకొని, అది దొరకదేమోనన్న భయంతో 85వ నిమిషంలో లేచి వచ్చేశాను. రాజా ముత్తయ్య రోడ్డు మీద ఆటో బేరం ఆడుతుండగా గోడ అవతల నుండి ఒక్క కేక లేచింది. ఆ కేక విన్నవారికి అది గోల్ అని ఎవరూ చెప్పనక్కర లేదు. ఆటో డ్రైవరు కూడా బేరం ఆపి అటు తిరిగి చూశాడు. బస్సు అందింది, గోల్ అందలేదు. దారి పొడవునా నిద్ర పట్టలేదు. 11 గంటల తర్వాతి బస్సే ఎక్కాలని రెండవ అంచెలో గట్టిగా చెప్పింది అందుకే.

90వ నిమిషం దగ్గర నాలుగవ రిఫరీ ఎత్తి చూపే బోర్డు మీద అదనపు నిమిషాల సంఖ్య ఉంటుంది. అది కనీస లెక్క మాత్రమే, ఇంకా పెరగవచ్చు. విజిల్ తర్వాత కూడా అయిదు నిమిషాలు ఆగండి. ఆటగాళ్లు స్టాండ్ల దగ్గరకు వచ్చి చప్పట్లు కొడతారు, ఈలోగా మెట్ల మీద తోపులాట తగ్గుతుంది. పిల్లల చేయి పట్టుకొని గోడ పక్కగా దిగండి.

9. బయటకు వచ్చాక

గేటు ముందే క్యాబ్ పిలిస్తే డ్రైవరు రాలేడు, మీరు కనబడరు. రిప్పన్ భవనం దాకా నడిచి వచ్చి అక్కడ పిలవండి. ఆటో అయితే "మాధవరం బస్ స్టాండ్, ఆంధ్రా బస్సులు ఎక్కే చోటు" అని చెప్పి, ఎక్కే ముందే చార్జీ మాట్లాడుకోండి. మాధవరంలో దిగాక బోర్డు మీద తిరుపతి అన్న పేరొక్కటే చూసి ఎక్కకుండా ఏ దారిలో వెళుతుందో కండక్టరును అడగండి. పుత్తూరు, నారాయణవనం వారు శ్రీకాళహస్తి మీదుగా పోయే బస్సు ఎక్కితే ఇల్లు దాటిపోయి తిరుపతిలో దిగవలసి వస్తుంది.

చిత్తూరు వారు రైలు ఎక్కగానే కాట్పాడి చేరే సమయానికి పదిహేను నిమిషాల ముందుకు అలారం పెట్టుకోండి. బండి అక్కడ కొద్ది నిమిషాలే ఆగుతుంది, నిద్రపోతే జోలార్‌పేటలో తెలివి వస్తుంది. తిరుపతి బస్సు వారికి ఆ బెంగ లేదు, చివరి స్టాపులో కండక్టరే లేపుతాడు.